పగలు కనిపించని మంట

రోహిణి కార్తె. గాలి లేదు. ఏడు గాలిమరల్లో రెండే తిరుగుతున్నాయి.

పొద్దున్నే ఈత చీపురు పట్టుకుని కొలిమి గది వెనక్కి వెళ్ళాను. ఊడవడానికి కాదు. మిగిలిన హైడ్రోజన్‌ని బయటికి వదిలే ఇనుప గొట్టం అక్కడే ఉంది. దాని మూతి మీద ఎప్పుడూ మంట ఉండాలి. ఆ మంట పగటిపూట కంటికి ఆనదు. చెయ్యి పెట్టి చూద్దామనుకున్న మనిషి రెండోసారి ఆ పని చెయ్యడు. అందుకని చీపురు చాచి చూస్తాను. చీపురు అంటుకుంటే కొలిమి బతికి ఉన్నట్టు. ఈ రోజు అంటుకుంది. నేను తగలేసే చీపుర్లతో ఊరంతా ఊడవొచ్చని కొట్టు దగ్గర నా మీద జోకులేసుకుంటారు. వేసుకోనీ.

తరవాత పసుపు కాగితం. పసుపు పట్టించిన కాగితం ముక్కని తడిపి సన్న కుళాయి ముందు పెడతాను. లోపల అమ్మోనియా తయారవుతుంటే పసుపు తిరిగి పారాణి రంగులోకి వస్తుంది. కొలిమి బాగున్న రోజుల్లో పెట్టీ పెట్టగానే ఎర్రబడేది. ఈ రోజు నేను అక్కడ నిలబడి, ఊళ్ళో ఒక్కొక్కరినీ మనసులో తిట్టుకోవడం పూర్తయ్యాక ఎర్రబడింది. అదీ వెలిసిపోయిన ఎరుపు. గాలి లేదు కదా, కరెంటు చాల్లేదనుకున్నాను.

నా పేరు అసిరితల్లి. గట్టుపాలెం ఎరువు కొలిమికి కాపరిని. కొలిమి అని పేరే గానీ లోపల బొగ్గూ లేదు, తిత్తీ లేదు. మరల కరెంటుతో నీళ్ళలోంచి హైడ్రోజన్ తీస్తాం, గాలిలోంచి నైట్రోజన్ తీస్తాం, రెండింటినీ వేడి చేసి నిలువు డ్రమ్ములోకి పంపుతాం. డ్రమ్ములో పాణిగ్రాహి మేడం చేసిన పొడి ఉంటుంది. దాని మీదుగా వెళ్ళింది అమ్మోనియా అయి వస్తుంది. సముద్రం పాత పాలేన్ని పట్టుకుపోయాక మేం ఈ గట్టెక్కాం. ఇక్కడి నేల ఉత్త గులక, ఎరువు పడవలు రావడం ఎప్పుడో మానేశాయి. ఈ డ్రమ్ము ఉంది కాబట్టి వరి తింటున్నాం.

మృగశిర. పడమటి గాలి. మరలు ఏడూ తిరుగుతున్నాయి.

గాలి బాగుంది, కరెంటు బాగుంది, కాగితం మాత్రం నిన్నటికంటే ఆలస్యం. వడపోత గుడ్డలు మార్చాను. నీళ్ళ తొట్టె కడిగాను. గొట్టాలన్నీ సబ్బునీళ్ళతో తడిమి చూశాను. ఎక్కడా బుడగ లేదు. కడుపు మండి మేడం దగ్గరికి వెళ్ళాను.

పాణిగ్రాహి మేడం కొలిమిని ఆనుకుని ఉన్న గదిలోనే ఉంటుంది. ఇచ్ఛాపురం మనిషి. పెద్ద చదువులు చదివింది, పెళ్ళి చేసుకోలేదు. జుట్టు మగపిల్లాడిలా కత్తిరించుకుంటుంది. గదిలో కుర్చీ ఒకటే. వచ్చినవాళ్ళు నిలబడి మాట్లాడితే తొందరగా వెళ్ళిపోతారని ఆవిడ ఉద్దేశం. సీసాల పెట్టె మీద కూర్చునే హక్కు నాకొక్కదానికే ఉంది. ఆ హక్కుని నేను దర్జాగా వాడుకుంటాను.

"మీ పొడి మొండికేసింది మేడం," అన్నాను.

"నా పొడి మొండికెయ్యదు. దానికి నీ బుద్ధి రాలేదు," అంది. తరవాత చాలాసేపు దగ్గింది. ఈ దగ్గు ఎండాకాలం మొదట్లో పట్టుకుంది, వదలడం లేదు.

ఆ పొడి సంగతి ఎన్నిసార్లు చెప్పుకున్నా నాకు తనివి తీరదు. అందరం ఒడ్డు మీంచి మంచాలూ మేకలూ మోసుకొస్తుంటే ఈ మహాతల్లి ఇసక మోయించింది. మా రేవులోని నల్ల ఇసకలో సీరియం, లాంథనం ఉంటాయట. అరుదైన మృత్తికలంటారు వాటిని. ఏమంత అరుదు కాదు, రాగికేం తీసిపోవు, విడదీసే ఓపికే అరుదు అంటుంది మేడం. ఆ ఓపిక ఈవిడకుంది. ఇసకని యాసిడ్లలో ఉడికించి, ఒంటికి కీడు చేసే థోరియాన్ని వేరు చేసి సిమెంటులో పాతిపెట్టి, మిగిలినదాన్ని కడిగి, ఆరబెట్టి, మళ్ళీ కడిగి, మందారం పుప్పొడంత మెత్తగా చేసింది. పాత కంప్యూటర్ల డిస్కుల మీంచి రుథీనియం గీకి, ఆ పొడి మీద కంటికి కనిపించనంత చిన్న నలుసులుగా అద్దింది. ఇదంతా రేకుల షెడ్డులో, ఎవరూ చెయ్యమనకుండానే.

మొదట్లో నాకు అర్థం కాకపోతే ఇలా చెప్పింది.

"నైట్రోజన్ జంటలుగా ఉంటుంది అసిరీ. మూడు ముళ్ళేసుకున్న జంట. ఆ ముళ్ళు విప్పితే గానీ వరికి పనికిరాదు. పాత ఫ్యాక్టరీల్లో ఇనుముని పెట్టి, విపరీతమైన వేడీ ఒత్తిడీ పెట్టి బలవంతాన విప్పించేవాళ్ళు. మన పొడిది ఆ తీరు కాదు. సీరియం, లాంథనం తమ ఎలక్ట్రాన్లని రుథీనియం చేతిలో పెడతాయి. రుథీనియం వాటిని ఆ జంటకిస్తుంది. ఇచ్చేకొద్దీ ముడి వదులవుతుంది."

"కాపరాలు సెడగొడతాదన్నమాట," అన్నాను.

ఆవిడ అంతగా నవ్వడం నేను అప్పుడే చూశాను.

ఆరుద్ర. గాలి ఓ మోస్తరు. ఈ రోజు కొలిమి ఆపాం.

దాలమ్మ అత్త పోయింది. ఈ ఏడు ఎండలు ముసలివాళ్ళని బతకనిచ్చేలా లేవు. ఎండాకాలంలోనే చాలామంది పోయారు.

మా ఊళ్ళో ఎవరైనా పోతే, కాటికి వెళ్ళి వచ్చేదాకా ఏ ఇంటా పొయ్యి వెలగదు. ఇళ్ళలో అన్నీ కరెంటు పొయ్యిలే అయినా మీటలు దించేస్తారు. కొలిమి కూడా ఊరి పొయ్యే కాబట్టి నేనూ మీట దించుతాను. ఈ కొలిమి పద్ధతి పాత ఊరి నుంచి వచ్చింది కాదు. ఇక్కడే పుట్టింది. కొలిమి మొదటిసారి నడిచిన రోజే తవిటినాయుడు మావ భార్య పైడమ్మ పోయింది. శవం వాకిట్లో ఉంది. పక్కనే పంపు దడదడమని కొట్టుకుంటోంది, కాగితం ఎర్రబడిందని జనం గంతులేస్తున్నారు. మావ శవం తల దగ్గర కూర్చున్నాడు. మేడం ఆయన మొహం చూసింది, లోపలికి వెళ్ళి మీట దించేసింది. ఏళ్ళ తరబడి పడ్డ పాటు ఫలించిన పూట, పరిచయమైనా లేని మనిషి దుఃఖం కోసం ఆపేసింది. అప్పటి నుంచీ అదే కట్టుబాటు. నాయుడు మావ ఊరికి పెద్దయ్యాక దాన్ని ఎవరినీ జవదాటనివ్వలేదు.

దాలమ్మ అత్తకి మీట దించి, వచ్చి స్నానం చేసి మళ్ళీ వేశాను. కొలిమి వేడెక్కడానికి చాలాసేపు పట్టింది. కాగితం సంగతి రాయబుద్ధి కావడం లేదు.

ఆరుద్ర చివర. వాన పడింది. తూర్పు గాలి.

నారుమళ్ళు చూసొచ్చాను. ఆకు కొసల నుంచి పచ్చదనం పోయి పసుపు దిగుతోంది. ఊడ్పులకి నేల తడిసింది గానీ వెయ్యడానికి ఎరువు లేదు. ఈ పంట పోతే జిల్లా సంఘం వాళ్ళు పడవలు పంపి మమ్మల్ని శిబిరాల్లో పడేస్తారు. పక్క గట్టు వాళ్ళకి అదే జరిగింది. వాళ్ళ మరలు ఇప్పటికీ ఉత్తినే తిరుగుతుంటాయి, కింద మనుషుల్లేరు.

మేడం దగ్గర కూర్చుని అదంతా వెళ్ళబోసుకున్నాను. "దాలమ్మత్త పోయిన కాడి నుంచి మరీ పాడయిపోనాది. అంతకు ముందు సిమ్మయ్య బాబు పోయినప్పుడూ ఇలగే, ఆపి ఏసిన ప్రతిసారీ ఓ మెట్టు దిగజారిపోతంది," అన్నాను.

మేడం టీ గ్లాసు కింద పెట్టింది. "ఇంకోసారి చెప్పు," అంది.

మళ్ళీ చెప్పాను. ఆవిడ లేచి, గోడ పట్టుకుని డ్రమ్ము దాకా నడిచి, వేడి తగలని కింది గొట్టానికున్న పాత రబ్బరు బిగింపు మీద వేలు పెట్టింది. డ్రమ్ము వేడిగా ఉన్నంతసేపూ లోపలి ఒత్తిడికి ఆ బిగింపు ఉబ్బి సందుని మూసేస్తుంది. అందుకే నా సబ్బునీళ్ళకి ఏమీ దొరకలేదు. చల్లబడినప్పుడు మాత్రం బిగింపు వదులై, లోపలి గాలి ముడుచుకుని బయటి గాలిని పీల్చుకుంటుంది. మాది సముద్రపు గాలి, నిండా తేమ. ఇవ్వడం తెలిసిన ఆ పొడికి తీసుకోవడం కూడా తెలుసు. తేమనీ ఆక్సిజన్‌నీ తాగేసి కూర్చుంది. ఇక ఇవ్వడానికి దాని చేతులు ఖాళీగా లేవు.

"మొదటిసారి మీట దించింది నేనే," అంది మేడం. "తప్పు చేశానని అనుకోను. కానీ ఇంత దూరం ఆలోచించలేదు."

పునర్వసు. గాలి బాగుంది.

మందు ఉందట. హైడ్రోజన్ ఒక్కదాన్నే పంపుతూ పొడిని బాగా కాల్చాలి. మామూలుగా మేం ఐదొందల డిగ్రీలు దాటం, జిల్లా సంఘం వాళ్ళ నియమాల పుస్తకంలో ఎర్ర అక్షరాల్లో ఉంది. మేడం ఆరొందల యాభై అంటోంది. ఆ ఎర్ర అక్షరాలు పాత ఇనప పొడి కోసం రాసినవట, ఇనుమైతే ఆ వేడికి చెడిపోతుందట. మన సీరియం అంత వేడిలోనే తాగిన ఆక్సిజన్‌ని కక్కుతుంది, రుథీనియానికి ఇంకా దగ్గరగా అతుక్కుంటుంది, మునుపటికంటే బాగా ఇస్తుంది. నెమ్మదిగా ఎక్కించి, నెమ్మదిగా దించాలి. కొన్ని రోజుల పని. బిగింపు మార్చేశాం.

ఒక్కటే చిక్కు. మధ్యలో ఆపకూడదు. ఆపితే, బయటికి పోవాల్సిన ఆవిరి ఆ వేడి మీద లోపలే నిలిచిపోయి రుథీనియం నలుసులు ముద్ద కడతాయి. మళ్ళీ విడదియ్యడం మేడం వల్ల కూడా కాదు. పాత డిస్కులు ఎక్కడా మిగల్లేదు.

మర నీడలో ఊరంతా చేరాం. మేడం కుర్చీలో కూర్చుని అంతా వివరంగా చెప్పింది. తవిటినాయుడు మావ చేతికర్ర మీద గడ్డం ఆనించి విన్నాడు.

"మావా, మాటియ్యి," అన్నాను నేను. "ఈ నాలుగు రోజుల్లో ఎవలికేటయినా సరే, మీట దించొద్దని."

"సావు సెప్పి వొస్తాదేటమ్మీ," అన్నాడు ఆయన. "మాటిచ్చీసి, రేపు ఎవలింటి ముందరో శవం ఎట్టుకుని కొలిమాడిస్తే, ఆలు నా మొకం మీద ఉమ్మరా? పైడమ్మకి ఆపిన కొలిమి ఇంకొకలికి ఆపకపోతే ఎలగ? ఎలిగించండి. మాట మాత్రం నానియ్యను."

నాకు ఒళ్ళు మండింది. మేడం మాత్రం ఆయన వైపు చూసి తలాడించింది. వెళ్ళబోతున్న జనంతో, "ఈ వారం దయచేసి ఎవరూ చావకండి," అంది. అందరూ నవ్వారు. మావ కూడా నవ్వాడు.

పునర్వసు. వేడి కొలిచే ముల్లు ఐదొందలు దాటింది.

మేడం కుర్చీని డ్రమ్ము ఎదురుగా వేయించుకుంది. గొట్టం చివర గాజు బుడ్డి పెట్టి చూపించింది. లోపల మంచులా తడి పేరుకుంటోంది. పొడి తాగిన నీళ్ళు అవి. నేను ముల్లు చూసి ఒక్కో గీత చెప్తుంటే ఆవిడ కళ్ళు మూసుకుని వింటోంది, పసిబిడ్డకి జ్వరం దిగుతోందని చెప్తున్నట్టు. ఎర్ర గీత దాటినప్పుడు ఓ అడుగు వెనక్కి వేశాను. డ్రమ్ముకేమీ కాలేదు.

ఇలాంటి మనిషి పక్కన ఇన్నేళ్ళు పెట్టె మీద కూర్చున్నాను. ఆ మాట ఎప్పుడైనా ఆవిడతో అన్నానా అంటే, లేదు. ఎప్పుడూ గొట్టాల గురించి సణగడమే. ఈ రోజు అన్నాను. "మీరు మా ఊరికి రాకపోతే మేం ఏ శిబిరంలోనో గంజి తాగుతుండేవాళ్ళం మేడం."

"ముల్లు చూడు," అంది.

పునర్వసు. ముల్లు ఆరొందల యాభై మీద నిలిచి ఉంది. గాలి బాగుంది.

పొద్దున టీ తీసుకుని వెళ్ళాను. మేడం మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. దగ్గు వినిపించడం లేదు, నిద్ర పట్టిందనుకున్నాను. గ్లాసు పెట్టి పిలిచాను. చెయ్యి ముట్టుకున్నాను. చల్లగా ఉంది.

ఏడ్చాను. ఏడుస్తూనే వచ్చి ముల్లు చూశాను. ఏం మనిషిని నేను అనిపించింది. ఆవిడే ఉంటే నన్ను ముల్లు చూడమనే పంపేది.

కబురు తెలిసి ఊరంతా వచ్చింది. ఒక్కో ఇంట్లో మీటలు దించేశారు. చివరికి ఊళ్ళో నా పంపు చప్పుడొక్కటే మిగిలింది. అది అంత గట్టిగా కొట్టుకుంటుందని నాకప్పటిదాకా తెలియదు. అందరూ నా వైపు చూస్తున్నారు. మీటకి అడ్డంగా నిలబడ్డాను.

"దించీ అమ్మీ," అంది దాలమ్మ అత్త కోడలు నూకాలు. ఏడుస్తోంది. "మా అత్తకి ఆపినారు. ఆవిడకి ఆపకపోతే ఎలగ?"

"దించను," అన్నాను. "ఆవిడ సేసిన పొడిని ఆవిడ శవం ముందరే సంపమంటావేటి?"

నూకాలుకి కోపం రాలేదు. వచ్చి ఉంటే నాకు సుళువుగా ఉండేది. తను అడిగిందీ మేడం మీది ప్రేమతోనే కదా. ఎవరూ ముందుకి రాలేదు, ఎవరూ వెనక్కి పోలేదు. జనం దారి ఇవ్వగా తవిటినాయుడు మావ వచ్చాడు. చేతిలో కర్ర లేదు. కొత్త కుండ ఉంది.

ఆయన ఆపమంటే ఏం చెయ్యాలో నేను తేల్చుకునే ఉన్నాను. ఊరు వదిలి పొమ్మన్నా సరే, దించను. నోరు తెరవబోయాను.

"ఈవిడిల్లు ఏదమ్మీ?" అన్నాడు మావ.

ఏమిటీ ప్రశ్న అనుకున్నాను. "ఈ గదే కదా మావా."

"పొయ్యి ఏది?"

గదిలోకి చూశాను. టీ కాచుకునే కరెంటు పళ్ళెం తప్ప అక్కడ ఏముంది.

"అది పొయ్యి కాదు," అన్నాడు మావ. ఊరి వైపు తిరిగాడు. "మనిషి పోతే ఆ ఇంటి నిప్పు కుండలో ఎట్టుకుని కాటికి ఎల్తాం. మనిళ్ళల్ల నిప్పు పోయి ఏళ్ళయిపోనాది, అగ్గిపుల్లలు గీసీసి సరిపెట్టీస్తన్నాం. ఈవిడకి అలగ సేస్తే నాను ఒప్పుకోను. ఈవిడిల్లు ఇదే, ఈవిడ పొయ్యి ఇదే. దీన్నార్పీస్తే ఈవిడకి నిప్పెక్కడి నుంచి తెస్తారు?"

నూకాలు కొంగుతో మొహం తుడుచుకుని తల ఊపింది.

"కుండ ఎవలు పడతారు?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. "ఆవిడకి పిల్లల్నేరు."

"ఇన్నేళ్ళూ సీపుర్లు తగలెట్టింది ఎవలు?" అన్నాడు మావ. కుండ నా చేతిలో పెట్టాడు.

"నాను ఎల్లిపోతే ముల్లెవలు సూస్తారు మావా?"

"నాను సూస్తాను. ఏ గీత దాటితే ఏటి తిప్పాలో సెప్పీసి ఎల్లు." ఆయన మేడం కుర్చీని డ్రమ్ముకి ఎదురుగా జరుపుకుని కూర్చున్నాడు. ఊళ్ళో ఏ చావుకైనా ముందు నడిచే మనిషి ఈ ఒక్కదానికీ వెళ్ళకుండా కూర్చున్నాడు. అదేమంత తేలిక కాదని ఆయన బిగించిన దవడ చూస్తే తెలిసింది.

గది వెనక్కి వెళ్ళాను. అందరూ నా వెంటే వచ్చారు. ఈసారి చీపురు తీసుకోలేదు. ఎండిన తాటాకు తీసుకుని గొట్టం మూతి మీదికి చాచాను. పట్టపగలు, అక్కడ ఖాళీ గాలి తప్ప ఏమీ కనిపించడం లేదు. ఆకు కొస ఆ ఖాళీని తాకగానే భగ్గుమంది. వెనక ఆడవాళ్ళు చేతులు జోడించారు. నేను రోజూ చూసేదే, అయినా నేనూ తల వంచాను. పొడి లోంచి తేమని లాక్కుని వచ్చిన హైడ్రోజన్ అది, ఆవిడ కట్టిన గొట్టం, ఆవిడ వెలిగించిన మంట. కుండలో కొబ్బరి పీచుకి అంటించి, చేత పట్టుకుని ముందు నడిచాను. గట్టు దిగేదాకా పంపు చప్పుడు వెనకనుంచి వినిపిస్తూనే ఉంది.

పుష్యమి. గాలి బాగుంది. మరలు ఏడూ తిరుగుతున్నాయి.

ఈ రోజు డ్రమ్ములోకి మళ్ళీ నైట్రోజన్ వదిలాం. పసుపు కాగితం తడిపి కుళాయి దగ్గరికి తీసుకెళ్తున్నాను, ఇంకా పెట్టనే లేదు. కొస ఎర్రబడింది. చూస్తుండగానే మొత్తం పారాణి అయిపోయింది. కొలిమి కొత్తలో కూడా ఇంత తొందరగా ఎప్పుడూ రాలేదు. మేడం చెప్పినట్టే జరిగింది. చెప్పడానికి వెనక్కి తిరిగాను, కుర్చీలో నాయుడు మావ ఉన్నాడు. ఇప్పుడు రోజూ వచ్చి కూర్చుంటున్నాడు. నేను లేవమనడం లేదు.

ఆయన కాగితం అడిగి తీసుకుని చాలాసేపు చూశాడు. "ఇంకోటియ్యి," అన్నాడు. ఈసారి తనే పట్టుకుని ఎర్రబరిచాడు. తరవాత ఇంకోటి. కాగితాలు దండగైపోతున్నాయని నేను గొణిగితే వినిపించుకోలేదు. సాయంత్రం లోపల నారుమళ్ళకి మొదటి విడత పంపేశాం.

ఇక మీద ఎవరు పోయినా ఇళ్ళలో మీటలు దించుతారు, కొలిమి మాత్రం ఆగదు. నిప్పు ఇక్కడి నుంచే తీసుకెళ్తారు. ఊరందరూ కలిసి అనుకున్న మాట ఇది. వెళ్ళే ముందు మావ గది వెనక్కి వచ్చి, గొట్టం ఎంత ఎత్తుందో తలెత్తి చూశాడు.

"నాకూ ఇక్కడి నుంచే తేవాల," అన్నాడు. "సీపురుతో కాదమ్మీ. తాటాకుతో."

సరేనన్నాను. రెండు తాటాకులు కోయించి గది చూరు కింద ఆరేశాను, ఒకటి ఆయనకి, ఒకటి నాకు. కంగారేం లేదు.